మొక్కలు నిలవని ఇంట్లో మొదటి మూడు కుండీలు: ఏవి తెచ్చుకోవాలి, ఏవి వదిలేయాలి

"మా ఇంట్లో మొక్క నిలవదండీ, నా చెయ్యి మంచిది కాదు" అనేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. చేతి తప్పేమీ ఉండదు. నర్సరీలో పూలు చూసి ముచ్చటపడి కొంటారు, ఇంటికొచ్చాక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడతారు, గుర్తొచ్చినప్పుడు నీళ్ళు పోస్తారు. ఇంత జరిగినా ఆ మొక్కకు ఏం కావాలన్న మాట ఎక్కడా రాదు. అడిగినా నర్సరీలో వచ్చే జవాబు మనకు తెలిసిందే.

"అన్నా, ఇది ఎండలో పెట్టాలా, నీడలోనా?"

"ఎక్కడ పెట్టినా బతుకుద్ది మేడం, తీస్కోండి."

ఎక్కడ పెట్టినా బతికే మొక్క లేదు. కానీ మీ ఇంట్లో, మీ చేతిలో బతికే మొక్కలు తప్పకుండా ఉన్నాయి. నీళ్ళ విషయంలో మీ అలవాటేంటో, మీ బాల్కనీకి ఎంత ఎండ తగులుతుందో ముందు తేల్చుకుని, ఆ రెండింటినీ తట్టుకునే మొక్కనీ కుండీనీ కొనుక్కోవడమే పని. అలవాటు మార్చుకోమని నేను చెప్పను. ఏళ్ళ నాటి అలవాటు ఒక గులాబీ మొక్క కోసం మారదు.

చచ్చిన మొక్కని అడగండి

కిందటిసారి తెచ్చిన మొక్క ఇంకా బాల్కనీ మూలన ఎండిపోయి ఉండే ఉంటుంది. పారేసే ముందు కుండీని పక్కకి వంచి, అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, మట్టిగడ్డతో సహా బయటికి లాగి చూడండి. వేర్లు నల్లబడి మెత్తగా ఉండి, చేత్తో నులిమితే పైతోలు ఊడి లోపలి పీచు దారంలా మిగిలితే, మురుగు వాసన కూడా వస్తుంటే, నీళ్ళు ఎక్కువై చచ్చింది. గడ్డ తేలిగ్గా ఉండి, వేర్లు పెళుసుగా పుటుక్కున విరుగుతుంటే నీళ్ళు లేక చచ్చింది.

ఇలా తవ్వి చూడమనడానికి కారణం ఉంది. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే కనబడతాయి. వేర్లకు నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వేర్లకు ఊపిరాడదు, ఊపిరాడని వేరు నీళ్ళు పీల్చలేదు. కాబట్టి నీళ్ళలో మునిగి ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నదానిలాగే ఆకులు వాల్చేస్తుంది. అది చూసి "అయ్యో, వాడిపోయింది" అని ఇంకో చెంబు పోస్తాం. ఇళ్ళలో పోయే మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా పోయేవే. ప్రేమ ఎక్కువై పోయేవన్నమాట.

మూడో రకం కూడా ఉంది, ఇది కనిపెట్టడం కష్టం. నాలుగైదు రోజులు మరిచిపోయి, ఆదివారం గుర్తొచ్చి బకెట్టు పోసేవాళ్ళు. మట్టి బాగా ఎండితే, ముఖ్యంగా కొబ్బరి పొట్టు కలిపిన మట్టి ఎండితే, కుంచించుకుపోయి కుండీ అంచుకీ మట్టికీ మధ్య సన్నటి సందు ఏర్పడుతుంది. నీళ్ళు పోయగానే ఆ సందులోంచి జారి, కింద చిల్లులోంచి బయటికి వచ్చేస్తాయి. పళ్ళెం నిండింది కాబట్టి బాగా తడిసిందనుకుంటాం. వేలు గుచ్చి చూస్తే రెండంగుళాల లోపల పొడిపొడిగా ఉంటుంది. ఇలాంటప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా లాభం లేదు. కుండీని అడుగు నుంచి సగం దాకా మునిగేలా బకెట్టు నీళ్ళలో అరగంట కూర్చోబెట్టాలి. గడ్డ కిందనుంచి నీళ్ళు పీల్చుకుని మళ్ళీ ఉబ్బి సందు మూసుకుంటుంది.

వీటిలో మీరే రకమో తేల్చుకున్నారనుకుని ముందుకెళ్తున్నాను. నీళ్ళు ఎక్కువ పోసేవాళ్ళకీ మరిచిపోయేవాళ్ళకీ ఒకే సలహా పనికిరాదు. ఈ తేడా చెప్పకుండా "సులువుగా పెరిగే పది మొక్కలు" అంటూ ఇచ్చే జాబితాలు ఇందుకే పనిచేయవు.

ఎండ ఎటు నుంచి, ఎంతసేపు

బాల్కనీ ఏ దిక్కుకుందో తెలిస్తే సగం తెలిసినట్టే. తూర్పు బాల్కనీ అన్నింటికంటే మంచిది. పొద్దున్నుంచి మూడు నాలుగు గంటల లేత ఎండ వస్తుంది, మధ్యాహ్నానికి నీడ పడుతుంది. ఆకుకూరలకూ పుదీనాకూ ఇంతకంటే ఏం కావాలి. పడమర బాల్కనీ దీనికి పూర్తిగా ఉల్టా. రెండు నుంచి ఆరు దాకా ఎండ దంచేస్తుంది, గోడలు వేడెక్కి చీకటి పడ్డాక కూడా సెగ కక్కుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ చిన్న కుండీలో ఉన్నదేదైనా ఉడికిపోతుంది. పడమర తప్ప వేరే దారి లేకపోతే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్, అంటే సగం ఎండను ఆపే ఆకుపచ్చ వల, ఒకటి కట్టుకోండి, లేదా కాగితం పూలు, కలబంద లాంటి మొండి మొక్కలతో సరిపెట్టుకోండి.

ఉత్తరం, దక్షిణం విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణానికి వాలి ఉంటాడు, డిసెంబరులో మరీ కిందికి వాలుతాడు. దీనివల్ల దక్షిణం బాల్కనీకి చలికాలంలో లోపలి గోడ దాకా ఎండ వస్తుంది, మే, జూన్‌లలో పైనున్న స్లాబ్ అడ్డుపడి నీడగా ఉంటుంది. వేసవిలో నీడ, చలికాలంలో ఎండ, మొక్కకైనా మనిషికైనా ఇంతకంటే ఏం కావాలి! ఉత్తరం బాల్కనీకి మాత్రం చలికాలమంతా నేరుగా ఎండే ఉండదు. "మేలో కొన్నప్పుడు బానే ఉంది, దీపావళికి చచ్చిపోయింది" అని ఉత్తరం బాల్కనీ వాళ్ళు అంటారంటే కారణం ఇదే. విజయవాడ, విశాఖల్లోనూ రోజులు కొద్దిగా అటూఇటూగా ఇదే లెక్క.

ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ ఉంటే దిక్కుల లెక్క పనిచేయదు. ఒక సెలవు రోజు పొద్దున తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి వెళ్ళి కుండీ పెట్టబోయే చోట నేరుగా ఎండ పడుతోందో లేదో చూసుకోండి. మూడుసార్లూ నీడే ఉంటే పూల మొక్కల ఆశ, కూరగాయల ఆశ వదులుకోవాలి. అక్కడ ఆకుల అందంతో పెరిగేవే పెరుగుతాయి.

మిద్దె మీదైతే ఎండకు కరువుండదు, కష్టమంతా వేడితోనే. స్లాబ్ మీద నేరుగా కుండీ పెడితే మే నెలలో అడుగు నుంచి వేర్లు కాలిపోతాయి. రెండు ఇటుకల మీదో, ఇనుప స్టాండు మీదో ఎత్తి పెట్టాలి. స్లాబుకీ అదే మేలు, నీళ్ళు నిలవవు.

కుండీ: మట్టిదా, ప్లాస్టిక్‌దా, గ్రో బ్యాగా

చూడ్డానికి ఏది బాగుంటుందన్న ప్రశ్న పక్కన పెడితే, కుండీల మధ్య అసలు తేడా ఒక్కటే, అది ఎంత వేగంగా ఆరుతుందన్నది.

మట్టి కుండీ గోడల గుండా కూడా ఆరుతుంది. కాబట్టి నీళ్ళు ఎక్కువ పోసేవాళ్ళకు ఇదే సరైనది. మీరు పోసిన ఎక్కువ నీళ్ళను అది నెమ్మదిగా బయటికి పంపేస్తుంది. మరిచిపోయేవాళ్ళు మట్టి కుండీ కొంటే మాత్రం హైదరాబాద్ ఎండల్లో ఎనిమిదంగుళాల కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోయి ఉంటుంది. కొన్నాళ్ళకు దాని బయట తెల్లటి పొర కడుతుంది. బూజేమో అని కంగారుపడొద్దు, అది బోరు నీళ్ళలోని ఉప్పు.

ప్లాస్టిక్ కుండీ తేమను పట్టి ఉంచుతుంది, తేలిక, చవక. మరిచిపోయేవాళ్ళకు ఇది మేలు. నలుపు రంగువి మిద్దె మీద బాగా వేడెక్కుతాయి, లేత రంగువి తీసుకోండి. రోడ్డు పక్కన అమ్మే పల్చటివి రెండు వేసవులకు అంచులు చిట్లిపోతాయి. నన్నడిగితే వాటికంటే 20 లీటర్ల పాత పెయింట్ బకెట్టు నయం. శుభ్రంగా కడిగి, అడుగున పెన్సిలంత లావున నాలుగైదు చిల్లులు, అడుగుకు అరంగుళం పైన పక్కల ఇంకో రెండు చిల్లులు పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. అందంగా ఉండదంటారా, రంగు వేయండి.

గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, మిద్దె తోటల వాళ్ళకు ఇష్టం. చవకగా వస్తాయి, నీళ్ళు నిలవవు, వాడనప్పుడు మడిచి పెట్టుకోవచ్చు. కానీ మొదటిసారి పెట్టేవాళ్ళకు నేను వీటిని సిఫారసు చేయను. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న బ్యాగులో 20 లీటర్ల పైనే మట్టి పడుతుంది, తడిస్తే 20 కిలోలు దాటుతుంది. ఎండ కోసం జరుపుదామంటే కదలదు, చెవులు పట్టి లాగితే వేర్లు కదిలిపోతాయి. ఒకసారి పెట్టిన చోటు ఖాయం అనుకున్నాకే అవి కొనాలి.

పింగాణీ కుండీలు, గాజు గిన్నెలు, అడుగున చిల్లు లేని అందమైనవన్నీ మొక్కకు బావులే. కొనే ముందు తిరగేసి అడుగు చూడండి. చిల్లు లేకపోతే, మొక్కను చిల్లున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, ఆ అందమైనదాన్ని పైతొడుగులా వాడుకోండి. "అడుగున గులకరాళ్ళు పోస్తే చాలు, చిల్లు అక్కర్లేదు" అన్న సలహా తప్పు. రాళ్ళ పొర మీద తడి అలాగే నిలబడుతుంది, వేర్లకు మిగిలే చోటు తగ్గుతుంది, అంతే.

కింద నీళ్ళ తొట్టె, పైకి దారం ఉండే సెల్ఫ్ వాటరింగ్ కుండీలు మరిచిపోయేవాళ్ళకు నిజంగా పనికొస్తాయి. నీళ్ళు ఎక్కువ పోసేవాళ్ళకు అవి అస్సలు వద్దు. ఆ తొట్టె రోజూ నింపేస్తారు. పైగా తొట్టెలోనైనా, కుండీ కింద పళ్ళెంలోనైనా నిలిచిన మంచినీళ్ళు డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు చాలా ఇష్టం. వానాకాలంలో పళ్ళేలు తీసి పక్కన పెట్టేయండి.

సైజు విషయంలో ఒక మాట. ముద్దుగా ఉన్నాయని అరచేతంత కుండీలు కొనకండి. చిన్న కుండీలో తప్పుకు తావుండదు. ఒక్కపూట మరిచినా ఎండిపోతుంది, ఒక్క చెంబు ఎక్కువైనా మునిగిపోతుంది. 10 అంగుళాల కుండీ మొదటివాళ్ళకు సరైన కొలత.

మట్టి

ఇక్కడ మూడు దారులు కనబడతాయి. ఉత్త ఎర్రమట్టి నింపడం చవక, కానీ కుండీలో నాలుగు తడులకే గట్టిపడి సిమెంటులా అవుతుంది. ఉత్త కొబ్బరి పొట్టు తేలిక, కానీ దానిలో పోషకాలు దాదాపు ఉండవు, తడి ఎక్కువగా పట్టుకుంటుంది, ఎండితే ముందు చెప్పిన సందు సమస్య వస్తుంది. రెడీమేడ్ పాటింగ్ మిక్స్ సంచి తెచ్చుకోవడం తేలిక, కాస్త ఖరీదు. మూడు కుండీలే కాబట్టి అది కొనుక్కున్నా పెద్ద తేడా రాదు, మొహమాటపడొద్దు.

సొంతంగా కలుపుకునేవాళ్ళకు నా పాళ్ళు ఇవి: ఎర్రమట్టి రెండు వంతులు, కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక వంతు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. నీళ్ళు ఎక్కువ పోసే అలవాటుంటే కొబ్బరి పొట్టు సగానికి తగ్గించి ఆ మేరకు ముతక ఇసుక వేయండి. మరిచిపోయేవాళ్ళు కొబ్బరి పొట్టునే కాస్త పెంచుకోవచ్చు. కొబ్బరి పొట్టును అచ్చుగా నొక్కి అమ్మే కోకోపీట్ ఇటుకను నానబెట్టాక ఆ నీళ్ళు ఒకటి రెండుసార్లు పిండి పారబోయండి, దానిలో ఉప్పు ఉంటుంది. పచ్చి పేడ మాత్రం వేయకండి, మాగేటప్పుడు పుట్టే వేడికి లేత వేర్లు మాడతాయి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కవరు చింపి చూస్తే చాలాసార్లు చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. రాజమండ్రి దగ్గర నర్సరీలకు పేరున్న కడియం వైపు నుంచి లారీల్లో వచ్చేవాటికి మట్టిగడ్డ దారిలో విడిపోకూడదు కాబట్టి అలా ఉంటుంది. ఆ ముద్దను అలాగే మీ గుల్ల మట్టిలో పాతితే, చుట్టూ మట్టి ఆరిపోయినా లోపలి ముద్ద తడిగానే ఉంటుంది, లేదా చుట్టూ తడిసినా లోపలికి నీళ్ళు దిగవు. బయటి అంచుల్ని చేత్తో మెల్లగా రాల్చి, వేర్లు కాస్త బయటికి కనబడ్డాక పాతండి. తెచ్చిన రోజే మాత్రం కాదు. నర్సరీలో షేడ్ నెట్ కింద ఉన్న మొక్క మీ మిద్దె ఎండను ఒక్కసారిగా తట్టుకోలేదు. ఓ వారం నీడలో ఉంచి, తర్వాత పొద్దుటెండ చూపించి, అప్పుడు దాని చోటుకి మార్చాలి.

నీళ్ళు ఎక్కువ పోసేవాళ్ళ మొక్కలు

రోజూ పొద్దున్నే చెంబు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళకపోతే తోచనివాళ్ళు తడిని ఇష్టపడే మొక్కలే తెచ్చుకోవాలి. ఈ కోణంలో ఎవరూ ఆలోచించరు, "నీళ్ళు తగ్గించండి" అనే అంటారు.

పుదీనా మొదటిది. కూరల బండి దగ్గర కొన్న కట్టలో లావుపాటి కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్ళలో పెడితే వారం పదిరోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి. వెడల్పైన, లోతు తక్కువైన టబ్బులో పాతండి, తూర్పు ఎండ చాలు. పొన్నగంటి కూర చెరువు గట్ల మీద పెరిగే జాతి, తడి దానికి లెక్కలేదు. దీన్నీ కట్టలోని కాడలతోనే పెంచుకోవచ్చు. వంటింట్లో మొలకెత్తిన చేమదుంప ఉంటే బకెట్టులో రెండంగుళాల లోతున పాతి చూడండి, నీళ్ళు నిలిచిన నేలలో కూడా పెద్ద పెద్ద ఆకులేసుకుని పెరిగే మొక్క అది. చూడ్డానికి వందలు పోసి కొన్న ఆకుల మొక్కకేం తీసిపోదు. పచ్చి ఆకు దురద పుట్టిస్తుంది, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

లోపలి గదుల్లోకైతే మనీ ప్లాంట్‌ను మట్టిలో కాకుండా సీసా నీళ్ళలోనే పెంచండి. కణుపు దగ్గర కత్తిరించిన తీగ నీళ్ళలోనే వేర్లు వేసుకుని ఏళ్ళ తరబడి ఉంటుంది. వారానికోసారి నీళ్ళు మార్చడమే పని. ఇక ఎక్కువ పోయడమన్న మాటే ఉండదు.

మరిచిపోయేవాళ్ళ మొక్కలు

వీళ్ళ పని ఇంకా తేలిక. స్నేక్ ప్లాంట్ ఆకుల్లో నీళ్ళు దాచుకుంటుంది, జెడ్‌జెడ్ ప్లాంట్ మట్టి కింద దుంపల్లో దాచుకుంటుంది. రెండింటికీ నీడ పర్వాలేదు, పది పదిహేను రోజులకోసారి నీళ్ళు చాలు. ఈ రెండిట్లో ఒకటే కొనమంటే స్నేక్ ప్లాంట్ కొంటాను. అది ఎండనీ తట్టుకుంటుంది, పక్కన పిలకలు వేస్తుంది. జెడ్‌జెడ్ మరీ నెమ్మది, ఆరు నెలలు చూసినా అలాగే ఉంటుంది. మొక్క పెరుగుతుంటే చూడాలన్న ఆశ ఉన్నవాళ్ళకు అది నీరసం.

ఎండ ఉన్నచోట వామాకు. మా లెక్కలో మొదటిసారి పెట్టే ప్రతి ఒక్కరూ తెచ్చుకోవాల్సిన మొక్క ఇదే. ఎవరింట్లోనైనా ఉంటే జానెడు కొమ్మ అడిగి, ఒక పూట ఆరనిచ్చి మట్టిలో గుచ్చితే చాలు, వేరూనుకుంటుంది. ఆకులు మందంగా ఉంటాయి కాబట్టి నాలుగైదు రోజులు మరిచినా తట్టుకుంటుంది. ఎంత తుంచితే అంత గుబురవుతుంది. జలుబు చేస్తే కషాయం, వాన పడితే బజ్జీలు. మొక్క బతికిందన్న సంతోషం నాలిక్కి కూడా తెలుస్తుంది.

పూలే కావాలంటే, నర్సరీలో టేబుల్ రోజ్ అని అడిగితే ఇచ్చే చిన్న మొక్క, లేదా బిళ్ళ గన్నేరు. రెండూ మండుటెండలో పూస్తాయి. టేబుల్ రోజ్ పూలు ఎండ ఎక్కాకే విచ్చుకుంటాయి, నీడలో పెడితే విచ్చుకోవు. మిద్దె ఉన్నవాళ్ళకు కాగితం పూల మొక్క ఇంకా మొండిది. దానికి నీళ్ళు తగ్గితేనే పూత ఎక్కువ, రోజూ పోస్తే ఆకులే పెంచుతుంది. మరిచిపోయే అలవాటు మంచిదయ్యే చోటు ఇదొక్కటే.

చిన్నపిల్లలూ, కుక్కలూ పిల్లులూ ఉన్న ఇంట్లో మనీ ప్లాంట్, జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్, బిళ్ళ గన్నేరు అందనంత ఎత్తులో ఉంచాలి. నమిలితే నోరు మండటం, వాంతులు అవుతాయి. గన్నేరు, అంటే మామూలు పెద్ద గన్నేరు, అసలు తేనే తేవద్దు. అది ప్రాణాల మీదకి తెచ్చే విషం.

మొదటి ఏడాది వద్దనేవి

అందరూ ముందు అడిగేవి ఇవే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొత్తిమీర. వంటింటి ధనియాలు చల్లితే వస్తుందిగా అనుకుంటారు. గింజను నలిపి రెండు బద్దలు చేయకపోతే సరిగా మొలవదు, మొలవడానికే పదిరోజుల దాకా పడుతుంది, ఈలోగా పైమట్టి ఒక్కరోజు ఎండినా అయిపోయింది. ఎండలు ముదిరాక ఆకు పెరగకుండానే పూతకొస్తుంది. నవంబరులో అయితే చల్లండి, ఏప్రిల్‌లో వద్దు. ఆకుకూర విత్తు చల్లిన సరదా తీరాలంటే మెంతులు చల్లండి. రెండు మూడు రోజుల్లో మొలుస్తాయి, మూడు నాలుగు వారాల్లో పప్పులోకి కూర వస్తుంది. ఓపిక తక్కువున్నవాళ్ళకు ఇంతకంటే త్వరగా ఫలితమిచ్చేది లేదు. తోటకూర దాని తర్వాత. తీగ బచ్చలి అయితే కాడ గుచ్చినా వస్తుంది, గ్రిల్ పట్టుకుని పాకుతుంది, వానాకాలమంతా తిన్నంత.

టమాటా. ఆరేడు గంటల ఎండ, ఊతకర్ర, పెద్ద కుండీ, వారం వారం ఎరువు కావాలి. పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. తెల్లదోమ వస్తే ఆకుముడత తెగులు తోడొస్తుంది. మిరప కూడా దాదాపు ఇంతే. రెండో ఏడాది చూడొచ్చు.

గులాబీ. నర్సరీలో పూలతో ఉన్న గులాబీని చూసి ఆగడం కష్టమే. నల్లమచ్చ, ఎర్రనల్లి, కొమ్మ ఎండు, కత్తిరింపులు, ఇన్ని చాకిరీలు తెలిసినవాళ్ళకే అది లొంగుతుంది. పైగా చాలావరకు అంటుకట్టిన మొక్కలు. పై కొమ్మ చచ్చి, కింది నుంచి అడవి గులాబీ చిగుళ్ళు వస్తే "నా గులాబీ బతికింది" అని మురిసిపోయి, పూలకోసం ఏడాది ఎదురుచూసేవాళ్ళున్నారు.

తులసి గురించి ఎవరూ చెప్పరు, చచ్చిపోతే అరిష్టమనుకుని బాధపడతారు తప్ప. తులసి చాలా ఇళ్ళలో పోయేది భక్తి వల్లే. పొద్దున అత్తగారు చెంబెడు, స్నానమయ్యాక కోడలు చెంబెడు, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మరొకరు. పసుపు, కుంకుమ, అక్షతలు, ఒక్కోసారి పాలు. చిన్న ప్లాస్టిక్ కోటకు చిల్లు ఉందో లేదో ఎవరూ చూడరు. పూజకు ఉద్ధరిణితో ఒక్క చుక్క పోయండి, మట్టి అంగుళం లోపల ఆరినప్పుడే అసలు నీళ్ళు పోయండి. వెన్నులు వచ్చినవి వచ్చినట్టు తుంచండి, ముదరనిస్తే మొక్క త్వరగా ముసలిదవుతుంది. అయినా కుండీలో తులసి రెండు మూడేళ్ళకంటే నిలవడం తక్కువ. రాలిన గింజలతో మొలిచిన చిన్న మొక్కను పక్క కుండీలో సిద్ధంగా ఉంచుకునే ఇళ్ళలోనే తులసి ఎప్పుడూ ఉన్నట్టు కనబడుతుంది.

ఎప్పుడు మొదలెట్టాలి, ఊరెళ్తే ఎలా

ఉగాదికి ఉత్సాహం వచ్చి మొదలెట్టేవాళ్ళే ఎక్కువ, అన్నిటికంటే చెడ్డ సమయం కూడా అదే. కొత్తగా పాతిన మొక్క వేరూనుకునేలోపే రోహిణి కార్తె వచ్చి పడుతుంది. మృగశిర దాటాక తొలకరికి తీగలూ, వామాకూ, పూల మొక్కలూ పెట్టండి. మెంతి, పాలకూర, కొత్తిమీర లాంటివి కార్తీకంలో మొదలెట్టండి. కోస్తాలో అయితే అక్టోబరు, నవంబరు తుఫాను వానలు తగ్గేదాకా విత్తనాలు చల్లొద్దు, ఒక్క రాత్రికి కొట్టుకుపోతాయి.

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తారు, చలికాలం కాబట్టి పెద్ద చింత లేదు. వెళ్ళే ముందు రోజు సాయంత్రం బాగా తడిపి, కుండీలన్నీ నీడలో ఒకదానికొకటి ఆనించి పెట్టి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే సరిపోతుంది. వేసవి సెలవులకైతే ఇది చాలదు. పక్కింటివాళ్ళకు తాళం ఇవ్వడమా, టైమరున్న డ్రిప్ కిట్ పెట్టుకోవడమా అంటే మూడు కుండీలకు పక్కింటివాళ్ళే మేలు. మీకంటే వాళ్ళు ఎక్కువ పోస్తారు కాబట్టి, ఒక్కో కుండీకి ఎన్ని గ్లాసులో చీటీ రాసి అంటించి వెళ్ళండి. సీసాకు చిల్లు పెట్టి బోర్లా గుచ్చే చిట్కా ఒకట్రెండు రోజులకే, ఒక్కోసారి గంటలోనే మొత్తం దిగిపోతుంది.

ఆర్‌వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా ఎందుకని కుండీలకు పోస్తుంటారు. అందులో ఉప్పు మామూలు నీళ్ళకంటే ఎక్కువ, కుండీలో అది పేరుకుపోయి ఆకుల కొనలు మాడతాయి. బాత్‌రూము కడగడానికి వాడుకోండి. బియ్యం కడిగిన నీళ్ళు పోయొచ్చు, రోజూ అదే పోయొద్దు. చక్కెర కలిసిన టీ పొడి వేస్తే చీమలొస్తాయి.

కొనాల్సినవి

నీడ బాల్కనీ, మరిచిపోయే మనిషి అయితే: ప్లాస్టిక్ కుండీల్లో స్నేక్ ప్లాంట్ ఒకటి, జెడ్‌జెడ్ ఒకటి, సీసాలో మనీ ప్లాంట్. తూర్పు బాల్కనీ, నీళ్ళు ఎక్కువ పోసే మనిషి అయితే: పుదీనా టబ్బు, పొన్నగంటి, బకెట్టులో చేమ. ఎండ బాగా ఉండి మరిచిపోయేవాళ్ళయితే: వామాకు, టేబుల్ రోజ్, 12 అంగుళాల కుండీలో కాగితం పూలు. ఎండ ఉండి నీళ్ళు ఎక్కువ పోసేవాళ్ళకు మట్టి కుండీల్లో తీగ బచ్చలి, తోటకూర, పుదీనా. పుదీనాను మధ్యాహ్నపు నీడ పడే మూలకు జరపాలి.

మూడు మించి మొదటిరోజే కొనకండి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాకు వెళ్తే మాత్రం చేతిలో చీటీ ఉండాలి, లేకపోతే ఆటో నిండిపోతుంది. మొదటి రెండు నెలలు అదనపు ఎరువు వేయొద్దు, కలిపిన కంపోస్టు చాలు. ఆకుల అడుగున దూదిలా తెల్లగా పిండినల్లి కనబడితే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. నడి ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

ఈ మూడూ ఒక వేసవి దాటి నిలబడితే నాలుగోది కరివేపాకు. మొదటి ఏడాది రెండేళ్ళు అది ఏం పెరగదు, చలికాలంలో ఆకులు పసుపెక్కి రాలతాయి, చచ్చిందనుకుని పీకేయకండి, ఫిబ్రవరిలో చిగురిస్తుంది. చిగురు మీద పక్షి రెట్టలా కనబడే పురుగులు నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్లలు, చేత్తో ఏరేస్తే సరి. అడుగున్నర ఎత్తు వచ్చాక కొస తుంచితే పక్క కొమ్మలేస్తుంది. అమెరికాలో కుండీల్లో పెంచేవాళ్ళు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగేలోపే దాన్ని కిటికీ పక్కకు చేర్చి, నీళ్ళు సగానికి తగ్గించాలి.